నేను రాసిచ్చిన విశేషణం

జులై 7, సోమవారం

మతిమరుపు కాదు. నిన్న సాయంత్రం కోడలు వాళ్లమ్మతో ఫోన్లో, మా అత్తయ్యకు మతిమరుపు మొదలైందమ్మా అని చెప్పింది. నాకు చెవుడు కూడా మొదలైందనుకుంది కాబోలు, గొంతు తగ్గించకుండానే చెప్పింది. ఆ మనిషి పేరు నేను మర్చిపోలేదు. చెప్పదలుచుకోలేదు. ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఈ రెండింటికీ తేడా నాకు తెలియదా?

జరిగింది ఇది. కోడలు డే కేర్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫొటో చూపించింది. నాలుగేళ్ల నా మనవరాలు ముందు వరసలో కూర్చుంది. రోజంతా కిచకిచలాడుతుందని దాన్ని నేను పిచ్చిక అంటాను. ఫొటోలో మాత్రం పెదవుల మీద వేలు పెట్టుకుని ఉంది. పిల్లలందరూ అలాగే ఉన్నారు. ఎంత ముద్దుగా ఉన్నారో చూడండి అత్తయ్యా అంది కోడలు.

నేను పిల్లల్ని చూడటం లేదు. వాళ్ల వెనక నిలబడి నవ్వుతున్న మనిషిని చూస్తున్నాను.

కొత్త కో-ఆర్డినేటరట. చేరి మూడు వారాలైందట. ఎంత ఛార్మింగ్‌గా మాట్లాడతాడో, గేటు దగ్గర తల్లులందరికీ ఆయనంటే ఎంత ఇదో చెప్పింది. మీ స్కూల్లోనే పనిచేశాడట కదా, పేరు గుర్తుందా అని అడిగింది. గుర్తులేదన్నాను. చేతిలో టీ కప్పు కింద పెట్టేశాను.

పదకొండేళ్లయింది. జుట్టు పలచబడింది. నవ్వు పలచబడలేదు.

జులై 8, మంగళవారం, ఉదయం 11

ఇంట్లో ఎవరూ లేరు. కోడలు ఏడింటికే రక్తపరీక్షల ల్యాబ్‌కు వెళ్లిపోయింది. మావాడు వేరే ఊళ్లో ఫ్యాక్టరీలో ఉంటాడు, శనివారం వచ్చి ఆదివారం పోతాడు. పిచ్చిక డే కేర్‌లో ఉంది. నా మోకాలి ఆపరేషన్ కాకముందు అది నా దగ్గరే ఉండేది. ఇప్పుడు నేను దాని వెంట పరిగెత్తలేను కాబట్టి నెలన్నర నుంచి అక్కడికి పంపుతున్నారు. అంటే దాన్ని అక్కడికి పంపింది నా మోకాలు. మిగతాది నా చేయి చేసింది. అది రాస్తాను.

నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న స్కూల్లో అతను చిన్న తరగతులకు ఆటల మాస్టారు. స్టాఫ్ రూమ్‌లో వెన్నముద్ద అనేవాళ్లు. ఎవరికి తలనొప్పి వచ్చినా మాత్ర తెచ్చేవాడు, ఎవరి పుట్టినరోజైనా గుర్తుంచుకునేవాడు. నా చీర రంగును కూడా మెచ్చుకునేవాడు. నేను కూడా రెండుసార్లు అద్దం చూసుకున్నాను. దాచడమెందుకు.

ఒకటో తరగతిలో ఒక పిల్ల ఉండేది, నోరు ఒక్క క్షణం మూతపడదు. ఒకరోజు సాయంత్రం బస్సులో పిల్లల లెక్క ఒకటి తగ్గింది. ఆయా స్కూలంతా వెతికి, ఆటసామాను గదిలో చాపల మధ్య ఆ పిల్లను చూసింది. రెండో పీరియడ్ నుంచి అక్కడే ఉంది. బట్టలు తడిసిపోయి ఉన్నాయి. వెన్నముద్ద ఏమాత్రం తొణక్కుండా, దాగుడుమూతలాడుతూ తనే దూరి ఉంటుంది మేడమ్, తలుపు దానంతటదే పడిపోతుంది అన్నాడు. నేను వెళ్లి చూశాను. గడియ బయటివైపు ఉంది. దానంతటదే పడే గడియ కాదు, పైకెత్తి పక్కకు తొయ్యాలి.

ఆ పిల్ల ఆ సంవత్సరమంతా క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంతకుముందు కూడా ఇలా చేశాడమ్మగారూ, నేనే రెండుసార్లు తీశాను, చెబితే నా ఉద్యోగం పోతుందని ఊరుకున్నాను అని ఆయా ఏడ్చింది. కరస్పాండెంట్ గారు నన్ను పిలిచి, గొడవ వద్దు, స్కూలు పేరు పోతుంది, ఒక కాగితం రాసిచ్చి మర్యాదగా పంపించెయ్యండి అన్నారు.

మర్యాదగా కాగితం రాయడంలో మా తరం హెడ్‌మిస్ట్రెస్‌లు చెయ్యి తిరిగినవాళ్లం. టెస్టిమోనియల్ అనే ఆ సిఫారసు కాగితంలో చెడు రాయకూడదు. సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, పంక్చువల్, గుడ్ విత్ చిల్డ్రన్. ఈ నాలుగూ ప్రతి కాగితంలోనూ ఉండాలి. మనిషిలో దేని మీద అనుమానముంటే ఆ మాట వదిలేస్తాం, అంతే. అవతలి హెడ్‌మిస్ట్రెస్ ఏముందో చూడదు, ఏది లేదో చూస్తుంది, ఆ మనిషిని తీసుకోదు. ఎవరి చేతికీ మట్టి అంటదు.

వెన్నముద్దకు నాలుగూ వదిలేశాను. కాగితం మరీ బోసిగా కనిపించింది. అందుకని ఒకటి చేర్చాను. అతనిది ఛార్మింగ్ పర్సనాలిటీ అని రాశాను. అబద్ధం కాదు. కింద సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చాను. చదివినవాళ్లకు అర్థమవుతుందనుకున్నాను. చాలా తెలివైన పని చేశాననుకుని ఆ సాయంత్రం హాయిగా కాఫీ తాగాను.

జులై 9

పిచ్చిక ఈరోజు లిఫ్ట్ ఎక్కనంది. మూడంతస్తులు నడిచే వచ్చింది.

జులై 11, శుక్రవారం

కోడలికి చెప్పడానికి ప్రయత్నించాను. ఆ మనిషి మంచివాడు కాదు, పిల్లను అక్కడికి పంపొద్దు అన్నాను.

కోడలు చపాతీ పిండి కలుపుతూనే వేళ్లు లెక్కపెట్టింది. ప్లంబర్ మంచివాడు కాదన్నారు. ఫిజియోథెరపిస్ట్ దొంగ చూపులవాడన్నారు. మా అన్నయ్యకు వెన్నెముక లేదన్నారు. ఈయనకు ముందున్న డే కేర్ టీచరమ్మకు ఇంగ్లిష్ రాదని ఆవిడ ముఖం మీదే అన్నారు, పాపం ఆవిడ మానేసింది. మీకు ఎవరు నచ్చారత్తయ్యా ఇప్పటిదాకా అంది.

నిజమే. మీ అన్నయ్య విషయంలో మాత్రం వెనక్కి తగ్గనన్నాను. నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది, అంత చెడ్డవాడైతే అప్పుడు మీరేం చేశారు అని.

నాకు జవాబు తెలుసు. ఏదో విన్నాలే అన్నాను. అరవై ఎనిమిదేళ్లలో ఎవరి మాటకైనా జవాబు బాకీ పడింది ఇదే మొదటిసారి.

పిచ్చిక బాత్రూం తలుపు వేసుకోవడం మానేసింది. వెయ్యబోతే గట్టిగా పట్టుకుంటోంది. అరవదు, ఏడవదు. పట్టుకుని నన్ను చూస్తుంది.

జులై 14, సోమవారం, మధ్యాహ్నం 1

డే కేర్‌కు వెళ్లాను. మావాడు ఈసారి సోమవారం దాకా ఉండిపోయాడు, స్కూటర్ మీద వద్దని ఆటో పిలిచాడు. మనవరాలి క్లాసు చూడాలని ముచ్చటగా ఉందని చెప్పాను. ముచ్చట అన్న మాట నా నోట విని వాడు కాస్త కంగారుపడ్డాడు.

డే కేర్ ఓనరమ్మకు ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. నన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. వాళ్లక్క మా స్కూల్లో చదివిందట, ఇప్పటికీ నా పేరు చెబితే వీపు నిటారుగా పెడుతుందట. గోడలంతా మబ్బులు, కుందేళ్లు. పదహారు మంది పిల్లలున్న గది. ఫ్యాన్ శబ్దం వినిపించింది.

పదహారు మంది పిల్లలున్న గదిలో ఫ్యాన్ శబ్దం వినిపించింది. ఈ వాక్యం రెండోసారి కావాలనే రాశాను.

కొత్తాయన్ని ఎలా తీసుకున్నావమ్మా అని అడిగాను. అదేంటి మేడమ్, మీ లెటర్ చూసే కదా అని బీరువాలోంచి ఫైలు తీసింది. ప్లాస్టిక్ కవర్లో నా కాగితం. నా సంతకం, నా స్టాంపు. మీ సంతకం చూశాక ఇంకెవరినీ అడగాలనిపించలేదు మేడమ్, మీరు ఒకరిని మెచ్చుకోవడమంటే మాటలా అంది.

దాంట్లో నాలుగు మాటలు లేవు చూడలేదా తల్లీ అని అడగాలనుకున్నాను. లేని మాటల్ని ఎలా చూస్తుంది? ఆ అమ్మాయికెవరు నేర్పారు? మా తరం హెడ్‌మిస్ట్రెస్‌ల తెలివి మాతోనే రిటైరైపోయింది.

అప్పుడే వెనకనుంచి గొంతు వినిపించింది. మేడమ్, నడిచి వచ్చారా, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ని కదా అన్నాడు. అదే నవ్వు. మీ మనవరాలు చాలా క్యూట్ మేడమ్ అన్నాడు. వచ్చినప్పుడు కొంచెం మాటలెక్కువగా ఉండేవి, ఇప్పుడు నేర్చుకుంటోంది అన్నాడు.

చేతికర్ర అందుకుని లేచాను.

మెట్లు దిగుతుంటే మోచెయ్యి పట్టుకున్నాడు. పడిపోకుండా చాలా జాగ్రత్తగా పట్టుకున్నాడు. ఓనరమ్మ వెనకాలే ఉంది, ఎంత మర్యాదో అనుకునే ఉంటుంది. అతను వంగి నా చెవి దగ్గర, మీ మేలు మర్చిపోలేదు మేడమ్, ఆ కాగితం ఇప్పటికి నాలుగు చోట్ల పనికొచ్చింది అన్నాడు.

నాలుగు చోట్ల.

చేతులు కడుక్కునే చోటుకు పక్కనే ఒక ఆకుపచ్చ తలుపుంది. మబ్బు బొమ్మ వేసి థింకింగ్ రూమ్ అని రాశారు. గడియ బయటివైపు ఉంది.

అదే రోజు, సాయంత్రం 6

పిచ్చిక బొమ్మలతో డే కేర్ ఆట ఆడింది. బొమ్మలన్నిటినీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. కుందేలు ఎక్కువ మాట్లాడిందట. దాన్ని చెప్పుల బీరువాలో పెట్టి తలుపు మూసింది. ఎప్పుడు తీస్తావే అని అడిగాను. క్యూట్‌గా అయ్యాక తీస్తా అంది. క్యూట్‌గా అవ్వడమంటే ఏమిటి అని అడిగాను. పెదవుల మీద వేలు పెట్టుకుని చూపించింది.

కాసేపయ్యాక వచ్చి నా ఒళ్లో తల పెట్టి, నేను క్యూటేనా నానమ్మా అని అడిగింది.

కాదు, నువ్వు అల్లరి పిల్లవి, వాగుడుకాయవి, రాక్షసివి అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నా నోరు మూసేసింది. అంకుల్ వింటాడంది.

జులై 15, మంగళవారం, ఉదయం 8

నిన్నే చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే కాగితం సంగతి కూడా చెప్పాలి. కోడలు నన్ను చూసే చూపు ఎలా మారుతుందోనని భయపడ్డాను. రాసి పెట్టుకుంటున్నాను, నాలుగేళ్ల పిల్ల ఒకవైపు, నా పరువు ఒకవైపు పెట్టుకుని నేను ఒక పూటంతా ఆలోచించాను.

ఆలోచించి కనిపెట్టిన ఉపాయం ఇది. పిల్లకు జ్వరంగా ఉంది, ఈ వారం ఇంట్లో ఉంచు అన్నాను. ల్యాబ్ టెక్నీషియన్‌తో చెప్పే అబద్ధమా అది? థర్మామీటర్ పెట్టింది. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. మిమ్మల్ని చూస్తే భయమేస్తోందత్తయ్యా అని పిల్లను తీసుకుని వెళ్లిపోయింది.

పిచ్చిక గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసింది. టాటా చెప్పలేదు. వేలు పెట్టుకుంది.

అదే రోజు, సాయంత్రం 7

స్నానం చేయిస్తూ కోడలు నన్ను పిలిచింది. పిల్ల గోళ్ల సందుల్లో ఏదో ఉంది, రంగులు వేసుకుందా అని అడిగింది. ఆకుపచ్చ. రంగుపెన్సిళ్లది కాదు. పెచ్చులు. తలుపు పెయింటు. కుడిచేతి మూడు వేళ్లకూ, ఎడమచేతి బొటనవేలికీ ఉంది.

అక్కడే బాత్రూం గుమ్మంలో, చేతికర్ర మీద నిలబడి మొత్తం చెప్పేశాను. ఆటసామాను గది, తడిసిన బట్టలు, కరస్పాండెంట్, కాగితం, ఆ ఒక్క విశేషణం, నాలుగు చోట్లు. చెబుతున్నంతసేపూ కోడలు పిల్ల వేళ్లను ఒక్కొక్కటీ తన అరచేతిలో పెట్టుకుని పుల్లతో తుడుస్తోంది. తుడిచిందంతా చిన్న సీసాలో వేసింది. అది ఆవిడ చేతి అలవాటు.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఎంతమంది పిల్లలత్తయ్యా అని అడిగింది, అంతే.

నాకు తెలియదు.

జులై 16, బుధవారం

పిచ్చికను పక్క ఫ్లాట్ టైలరమ్మ దగ్గర ఉంచి, పదకొండు గంటలకు ఇద్దరం వెళ్లాం. ముందు చెప్పకుండా వెళ్లాం. కోడలు ల్యాబ్ కోటు కూడా విప్పలేదు. ఓనరమ్మ ఏదో అంటూనే ఉంది. కోడలు నేరుగా ఆకుపచ్చ తలుపు దగ్గరికి వెళ్లి గడియ తీసింది.

మూడేళ్ల పిల్ల. మూలన కూర్చుని ఉంది. లైటు లేదు. తలుపు తెరిస్తే ఏడుస్తుందనుకున్నాను, పరిగెత్తుకొస్తుందనుకున్నాను. పెదవుల మీద వేలు పెట్టుకుని, నవ్వింది. తలుపు తీసిన ప్రతివాళ్లకూ ఆ నవ్వు చూపించాలని నేర్పించారు దానికి.

నేను చాలా మంది పిల్లల ఏడుపులు విన్నాను. ఇలాంటి నవ్వు మాత్రం చూడలేదు.

వెన్నముద్ద వచ్చాడు. ఫైవ్ మినిట్స్ టైమ్ అవుట్ మేడమ్, ఇప్పుడు అన్ని దేశాల్లోనూ ఇదే పద్ధతి అన్నాడు. కోడలు పిల్లను ఎత్తుకుని, లాగు తడిసి ఆరిపోయింది, ఆరడానికి ఐదు నిమిషాలు చాలవు అంది. నాకు కోడలి మీద ఇంత గౌరవం కలగడం ఇదే మొదటిసారి. ఈ విషయం ఆమెకు చెప్పను.

ఓనరమ్మ ఏడ్చేసింది. నాకు తెలియదు మేడమ్, కాసేపు కూర్చోబెడతాడని అనుకున్నాను, పిల్లలు బుద్ధిగా ఉంటున్నారని తల్లులు మెచ్చుకుంటుంటే ఇంకేం అడుగుతాను అంది. ఇవాళే పంపించేస్తానంది. పోలీసులు మాత్రం వద్దు మేడమ్, లోను తీసుకుని పెట్టాను, నాలుగు ముక్కలు రాసిచ్చి గొడవ లేకుండా పంపించేస్తాను అంది.

ఏం రాస్తావమ్మా అని అడిగాను.

ఏదో ఒకటి మేడమ్, ప్లీజింగ్ మేనర్స్ అని రాస్తే సరిపోదా అంది.

ఆ ఓనరమ్మ మీద అరవడానికి నాకు హక్కు లేదు. పదకొండేళ్ల క్రితం ఆ కుర్చీలో నేనే కూర్చుని ఉన్నాను. కాగితం మీద చెయ్యి పెట్టి, రాయకు తల్లీ అన్నాను. బతిమాలినట్టే వచ్చింది గొంతు.

జులై 18, శుక్రవారం

పోలీస్ స్టేషన్‌లో అతనికి కుర్చీ వేశారు. నేను చేతికర్రతో పావుగంట నిలబడ్డాను. అంత బాగా పలకరించాడు వచ్చినవాళ్లందరినీ.

నా కాగితం తెచ్చాడు. జిరాక్సు. ఎన్ని కాపీలున్నాయో. ఎస్సై పైకి చదివాడు. ఛార్మింగ్ దగ్గర ఆగి అతన్ని ఒకసారి చూశాడు, అవును కదా అన్నట్టు. ఇది మీరు రాసిందేనా అని నన్ను అడిగాడు. నేనే అన్నాను. మరి అప్పుడు అబద్ధం రాశారా, ఇప్పుడు అబద్ధం చెబుతున్నారా అని అడిగాడు.

అప్పుడు భయపడి సగం రాశాను, ఇప్పుడు భయపడి మొత్తం చెబుతున్నాను అన్నాను.

పాపం మేడమ్‌కు వయసైంది, ఏం అనుకోవద్దు సార్ అన్నాడు వెన్నముద్ద. నా గ్లాసులోకి నీళ్లు కూడా పోశాడు.

కంప్లయింట్ తీసుకున్నారు. ఆ మూడేళ్ల పిల్ల తల్లి సంతకం పెట్టింది, కోడలు పెట్టింది. విచారిస్తామన్నారు. అతను మాకంటే ముందే బయటికి వెళ్లిపోయాడు. వెళ్తూ తలుపు మా కోసం తెరిచి పట్టుకున్నాడు.

జులై 21, సోమవారం

ఓనరమ్మ ఫైల్లోంచి అతను ఇంతకుముందు పనిచేసిన చోట్ల పేర్లు ఇచ్చింది. పొద్దుటినుంచి ఫోన్లు చేస్తున్నాను. ఒకచోట మూసేశారు. ఒకచోట గుర్తులేదన్నారు. మూడోచోట ఒక పెద్దాయన ఫోనెత్తాడు. అవునమ్మా, మేమూ పంపించేశాం అన్నాడు. ఏం రాసి పంపించారు అని అడిగాను. మంచిగానే రాశాం, ఎందుకొచ్చిన గొడవ అన్నాడు.

మధ్యాహ్నం కొత్త ఉత్తరం రాశాను. ఒకటిన్నర పేజీ. తేదీ, సమయం, తలుపు, గడియ ఏ వైపు ఉంది, పిల్ల ఎన్ని గంటలు లోపలుంది, ఆయా ఏం చెప్పింది, నేను ఏం చేశాను. నేను ఏం చేశానన్న చోట పెన్ను రెండుసార్లు ఆగింది. సంతకం పెట్టాను. ఊళ్లో డే కేర్‌లకు ఇవ్వడానికి కోడలు ఇరవై కాపీలు తీయించింది. మావాడు ఫోన్లో, పరువు నష్టం కేసు వేస్తాడేమో అమ్మా అన్నాడు. వెయ్యనీ, కోర్టులో కుర్చీ వేస్తారేమో చూద్దాం అన్నాను. చెప్పినంత ధైర్యంగా లేను.

జులై 22

తల స్నానం చేయిస్తుంటే సబ్బు కళ్లలో పడిందని పిచ్చిక ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. టైలరమ్మ పరిగెత్తుకొచ్చింది. కోడలూ నేనూ అక్కడే చెవులు మూసుకోకుండా విన్నాం.

జులై 24, గురువారం, ఉదయం 6

అమ్మాయ్, ఈ పేజీ చింపి నీ టిఫిన్ డబ్బా కింద పెడుతున్నాను.

అతను మళ్లీ చేరాడని మీ ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి నీకు చెప్పిన మాట నిజమే, ప్లే స్కూల్ అది. బస్ డిపో వెనక సందు, పసుపు గేటు. నిన్న ఫోన్ చేశాను. సోమవారం చేరాడట. ఎంత ఛార్మింగ్‌గా ఉంటాడో మేడమ్ అని ఫోనెత్తిన అమ్మాయి నాకే చెప్పింది. నేను ఎవరో చెప్పేలోపు పెట్టేసింది. మళ్లీ ఎత్తలేదు.

బల్ల మీద నా ఉత్తరమున్న కవరుంది. పోస్టులో వెయ్యకు. ల్యాబ్‌కు గంట పర్మిషన్ పెట్టి నువ్వే పట్టుకెళ్లు. టైలరమ్మను తోడు తీసుకెళ్లు. యజమాని చేతికే ఇవ్వు, కాపీ మీద సంతకం, టైము వేయించుకో.

గేటు దగ్గర ముందు ఒక్క నిమిషం ఆగు. పిల్లల గోల వినిపిస్తే కవరిచ్చి వచ్చెయ్. వినిపించకపోతే ఎవరినీ అడగొద్దు. లోపలికి వెళ్లి, బయట గడియ ఉన్న తలుపు వెతుకు.